కార్డుకి ఏ ప్రమాదమూ లేదు

కొట్టు తెరిచాక మొదటి బేరం పోగొట్టుకోకూడదన్నది మా నాన్నగారు నాకిచ్చిన ఆస్తి. ఆయన ఇంకేమీ ఇవ్వలేదని కాదు గాని, మిగిలినవన్నీ అరిగిపోయాయి, ఇదొక్కటి నిలిచింది. రోజంతా ఎన్ని లారీల కొబ్బరికాయలు ఎత్తించినా, పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి చేతులూపుకుంటూ వెళ్లిపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. నష్టానికైనా సరే ఆ బేరం తెంపి, వచ్చింది కళ్లకద్దుకుని అప్పుడు కూర్చుంటాను. అందుకే మా పట్టణంలో ఆరోగ్య ఛత్రం కార్డుల హడావుడి మొదలైనప్పుడు, దాన్ని అందరికంటే ముందు అర్థం చేసుకున్నవాణ్ణి నేనే. అర్థం చేసుకోవడం వల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు, అది వేరే లెక్క.

ఛత్రం కార్డు మా అందరికీ ఉంది, తలకొకటి. అది చూపిస్తే సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ దాకా ఉచితం. కాకపోతే ఒక మెలిక ఉంది. ఏడాదిలో ఒక్కసారైనా దాన్ని ఆసుపత్రిలో వాడితే, మరో ఏడాదికి దానంతటదే చెల్లుతుంది. వాడకపోతే చెప్పాపెట్టకుండా రద్దయిపోతుంది. మాకంటే ముందు కార్డులిచ్చిన జిల్లాల్లో నిరుడు చాలామంది కార్డులు అలాగే పోయాయి. జబ్బు చేసి ఆసుపత్రికి వెళ్లాక గాని ఎవరికీ ఆ సంగతి తెలియలేదు. పేపర్లలో రాశారు, టీవీలో అరిచారు. పొరపాటున ఒక్క కార్డు కూడా పోవడానికి వీల్లేదని పైనుంచి ఆదేశం వచ్చింది. అందుకోసం అవిచ్ఛిన్న రక్షణ విభాగం అని ఒకటి పెట్టి, మా జిల్లాకి దాని అధికారిగా శరభేశ్వరరావు గారిని పంపారు.

ఆయన వచ్చీ రాగానే కల్యాణ మండపంలో సభ పెట్టారు. బజారు వాళ్లమంతా వెళ్లాం. శరభేశ్వరరావు గారు మైకుని రెండు చేతులా పట్టుకుని, పెళ్లి మంత్రాలు చదివే గొంతుతో చెప్పారు.

"మా విభాగం సమగ్ర అధ్యయనం జరిపింది. అందులో వెల్లడైన పరమ సత్యం ఏమనగా, వినియోగంలో ఉన్న కార్డు ఏదీ రద్దు కాలేదు. రద్దయిన ప్రతి కార్డూ వినియోగంలో లేనిదే. కావున రోగులకు ఎట్టి ప్రమాదమూ లేదు. తీవ్ర ప్రమాదంలో ఉన్న వర్గం ఏదంటే, ఆరోగ్యవంతులు!"

మండపంలో జనం ఒకరి ముఖం ఒకరు జాలిగా చూసుకున్నారు.

నా పక్కన కూర్చున్న బుల్లబ్బాయి లేచాడు. అతనిది నా కొట్టుకి ఎదురుగా కాఫీ హోటలు. "అయ్యా, ఆ గడువేదో ఎత్తేస్తే సరిపోదాండీ?"

శరభేశ్వరరావు గారు చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసి నవ్వారు. "గడువు ఎత్తివేస్తే, గడువు తీరకుండా కాపాడే విభాగం ఎవరిని కాపాడాలి?"

"ఆయ్, అదీ నిజమేనండి" అని బుల్లబ్బాయి కూర్చున్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ సత్యవేణికి వివరించాను. "ఏం లేదే, కార్డుకి కూడా బోణీ ఉండాలంటున్నారు. ఏడాదంతా బోణీ కాని కార్డు కార్డు కాదు."

"బాగానే ఉంది గాని, నాకిక్కడ పోటు మళ్లీ మొదలైందండీ" అంది తను, కుడివైపు డొక్క పట్టుకుని.

ఆ పోటు నెలరోజుల నించి వచ్చి పోతోంది. మర్నాడే సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ సర్జన్ నళినీకాంత్ అని కుర్రాయన. స్కానింగ్ తీయించి చూశాడు. "పిత్తాశయంలో రాళ్లండీ. త్వరగా తీసెయ్యాలి. అశ్రద్ధ చేస్తే చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది. నేను చేస్తాను, మంచం ఒకటి రాయించుకు రండి" అన్నాడు.

మంచాల పంపకం అవిచ్ఛిన్న రక్షణ విభాగానిదే. మర్నాడు వెళితే శరభేశ్వరరావు గారే ఉన్నారు. సత్యవేణి కార్డుని మిషన్లో గీకి చూసి, లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"అభినందనలమ్మా! నిన్ననే స్కానింగుకి వినియోగించారు. మీ కార్డుకి ఏ ప్రమాదమూ లేదు."

"కార్డుకి లేదండి. నాకుంది" అంది సత్యవేణి.

"మా విభాగం పరిధి కార్డు వరకేనమ్మా. మంచాలన్నీ ప్రమాదంలో ఉన్నవారికి కేటాయించాం. మీవంటి రోగులు నిశ్చింతగా ఇంటి వద్ద ఉండవచ్చును."

ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే వాళ్లు చెప్పిన అంకెకి, తీసేది రాళ్లా రత్నాలా అని అడిగి వచ్చేశాను. కొట్టు అమ్మినా చాలదు. సత్యవేణి మాత్రం తెగేసి చెప్పింది. "ఇన్నాళ్లూ కార్డు జాగ్రత్తగా దాచింది ఎందుకు? దాంతోనే చేయించుకుంటాను. మీరు కాయల బేరంలో అంత మొండికేస్తారు గదా, నా బేరంలో కూడా కాస్త మొండికెయ్యండి."

ఎలా మొండికెయ్యాలా అని ఆలోచిస్తూ కొట్లో కూర్చున్నాను. కురిడీ కొబ్బరి కొనడానికి వచ్చినాయన ఎదురుగా ఉన్నాడు. కురిడీకాయ మంచిదో కాదో తెలియాలంటే చెవి దగ్గర పెట్టుకుని ఆడించాలి. లోపల ఎండిన కొబ్బరి గుడ్డు విడివడి లొటలొటమంటే సరుకు మంచిదన్నమాట. నేను కాయ చెవి దగ్గర పెట్టుకునే సరికి సైరన్ మోగింది. మొదట కాయే మోగిందనుకున్నాను. చూస్తే కొట్టు ముందు అంబులెన్సు ఆగి ఉంది. అందులోంచి ఇద్దరు తెల్లబట్టల వాళ్లు దూకారు.

"మాణిక్యాలరావు ఎవరు?"

"నేనే."

"కదలకండి. ఎన్నాళ్లయింది మీరు ఆసుపత్రికొచ్చి?"

"నాకెప్పుడూ ఏమీ రాలేదండి."

వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "చాలా సీరియస్" అన్నాడొకడు. మరుక్షణం నేను స్ట్రెచర్ మీద ఉన్నాను. చేతిలో కురిడీకాయ అలాగే ఉంది. బజారంతా పోగైంది. సత్యవేణి డొక్క పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఆయనకేం కాలేదు బాబూ!" అని అరిచింది.

"అదేనమ్మా మా బాధ" అని తలుపు వేసేశారు.

వార్డులో కాలు పెట్టాక నాకు ధైర్యం వచ్చింది. ఒక్క పేషెంటు కూడా లేడు. అంతా మా బజారే. బట్టల కొట్టు వాళ్లు, టైర్ల షాపు వాళ్లు, రైసు మిల్లు గుమాస్తాలు, తలా ఒక మంచం మీద కాళ్లు బారజాపుకుని ఉన్నారు. బుల్లబ్బాయి తన స్టవ్వు అక్కడికే తెచ్చుకుని, సెలైన్ స్టాండుకి టీ గుడ్డ కట్టి వడపోస్తున్నాడు.

"రండి మాణిక్యాలరావు గారూ! హోటలు కంటే ఇక్కడే గిరాకీ బావుందండి. ఒక్కరూ కదలరు."

గంటకోసారి నర్సు వచ్చి జ్వరం చూసేది, రక్తపోటు చూసేది. "అంతా నార్మల్. ఇంకా ప్రమాదంలోనే ఉన్నారు" అని రాసుకుపోయేది. వినియోగం నమోదు కావాలి గనక అందరికీ తలా ఒక సెలైన్ సీసా పెట్టారు. నా కుడిచేతికి సెలైన్, ఎడమచేతిలో కురిడీకాయ. బేరగాళ్లు మంచం చుట్టూ చేరారు. నేను కాయ ఆడించి విని, ధరకి రెండు వేళ్లు ఎత్తేవాణ్ణి, అవతలివాడు ఒక్క వేలు చూపించేవాడు. వ్యాపారం దివ్యంగా సాగింది. ఈ నిజం దాచడం ధర్మం కాదు.

డాక్టర్ నళినీకాంత్ పరిస్థితి మాత్రం చూడలేకపోయాం. చేతికి తొడుగులు వేసుకుని మంచం మంచానికీ తిరిగేవాడు. "మీకు కొంచెం కడుపులో నొప్పి గాని... పోనీ గజ్జి గాని ఉందాండీ?" అని అడిగేవాడు.

"ఏదీ లేదండి, మీ దయవల్ల" అనేవాళ్లం మేము.

"పోనీ చిన్నప్పుడైనా?"

ఇక సత్యవేణి. జబ్బు మనిషి పొద్దున్నే వంట చేసి, క్యారేజీ పట్టుకుని, ఆటోలో మూలుగుతూ వచ్చి, ఏ జబ్బూ లేని నాకు అన్నం వడ్డించేది. మంచాలు మాకు గనక తను నేల మీద కూర్చునేది. వచ్చేపోయే వాళ్లంతా తననే పరామర్శించేవాళ్లు. "ఎలా ఉందమ్మా మీ ఆయనకి?"

"తింటున్నారండి. నిద్రపోతున్నారండి. పేకాట్లో కూడా గెలిచేరు" అనేది, పళ్లబిగువున.

మూడోనాడు చారు పోస్తూ పోస్తూ గరిటె వదిలేసి నేలమీద ముడుచుకుపోయింది. ముఖం కొబ్బరి పువ్వులా తెల్లబడింది. నళినీకాంత్ ఎక్కడినించో వాసన పట్టినట్టు పరుగెత్తుకొచ్చాడు. నాడి చూసి, జ్వరం చూసి, "నిజమైన జబ్బండీ!" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. వెంటనే గొంతు మారింది. "జ్వరం మొదలైంది. ఇక ఆగడానికి లేదు. ఈ రెండు రోజుల్లో తీసెయ్యకపోతే నేను మాటివ్వలేను."

నేను సెలైన్ పీకేసి మంచం దిగాను. "నాది తీసుకోండి."

సరిగ్గా అప్పుడే శరభేశ్వరరావు గారు తనిఖీకి వచ్చారు. విషయం విని చెయ్యెత్తారు. "మంచం బదలాయింపునకు నిబంధనలు అంగీకరించవు. ఆరోగ్యవంతునికి కేటాయించిన మంచం రోగికి ఇచ్చుట నిధుల దుర్వినియోగం. అసలే కొందరు రోగులు ఆరోగ్యవంతులమని బుకాయించి మంచాలు కాజేస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది. రేపటి నుంచి ఆరోగ్య ధ్రువీకరణ కౌంటరు తెరుస్తున్నాం. ఆరోగ్యవంతులని అక్కడ ముద్ర పడితేనే మంచం."

ఆయన వెళ్లిపోయాక సత్యవేణి గోడకి జారబడి, చిన్న గొంతుతో అంది. "నేను బాగుంటే గాని నా జబ్బు నయం చెయ్యరన్నమాట."

ఏళ్ల తరబడి వ్యాపారం చేశాను గాని, ఇంత కచ్చితంగా బేరం షరతు చెప్పినవాళ్లని నేను చూడలేదు. "అయితే నువ్వు బాగుండాలి" అన్నాను.

"ఎప్పటికల్లా?"

"రేపు పొద్దున్నకల్లా."

మర్నాడు పొద్దున్నే నన్ను డిశ్చార్జి చేశారు. కార్డు బతికింది. నేను, సత్యవేణి కౌంటరు ముందు అందరికంటే ముందు నిలబడ్డాం. శరభేశ్వరరావు గారు రిబ్బను కత్తిరించి, ఇంకో రిబ్బను కత్తిరించడానికి కారెక్కి వెళ్లిపోయారు. కౌంటర్లో గుమాస్తా సూర్యచక్రం. గాజుల కొట్టు వాళ్లబ్బాయి, మాకు తెలిసినవాడే. కొత్త రబ్బరు ముద్ర, కొత్త సిరా పెట్టె ముందర పెట్టుకుని కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు. సత్యవేణి కార్డు గీకగానే స్కానింగ్ బొమ్మ తెర మీదికొచ్చింది.

"ఆయ్, ఇదేంటండీ బాబూ! అత్తయ్యగారికి రాళ్లున్నాయి కదండీ!"

"రాళ్లుంటే జబ్బవుతుందా? కొండకి లేవా రాళ్లు? కొండకేమైనా జబ్బా?"

"కొండకి ఛత్రం కార్డు లేదండి."

సత్యవేణి బల్ల అంచు పట్టుకుని సన్నగా మూలిగింది.

"ఆ మూలుగేంటండీ?"

"పాటయ్యా. సంతోషం వచ్చినప్పుడల్లా కూనిరాగం తీస్తుంది."

"ఏం పాట బాబూ, ప్రాణం పోయే పాట" అంది సత్యవేణి ఊపిరి బిగబట్టి. "త్వరగా కొట్టు, చరణం వచ్చేస్తోంది."

సూర్యచక్రం తల అడ్డంగా ఊపాడు. "ఏవీ అనుకోకండి మావయ్యగారూ. కళ్లారా చూసి నేను ముద్ర వెయ్యలేను. ఉద్యోగం పోతుందండి."

నేను బతిమాలలేదు. బేరంలో బతిమాలితే ధర పడిపోతుంది. సత్యవేణి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాను. "సరేలే సూర్యచక్రం. కొత్త కౌంటరు, మొదటి మనిషి. ఉత్త చేతుల్తో పంపించావు. మీ నాన్న గాజుల కొట్లో ఎప్పుడైనా బోణీ బేరం తిప్పి పంపగా చూశావా? ధర గిట్టకపోయినా ఆయన రెండు మట్టి గాజులైనా తొడిగి పంపేవాడు. సరేలే. నీ కౌంటరు, నీ ఇష్టం. అడుగు వెయ్యి సత్యవేణీ, మెల్లిగా."

మేము రెండడుగులు వేశామో లేదో, వెనక నించి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"మావయ్యగారూ! ఆగండాగండి! అలా మొహం తిప్పుకుని వెళ్లిపోతే ఈ కౌంటరు ఇంక సాగుతుందేంటండీ?"

అతను రబ్బరు ముద్ర తీసి, సిరాలో ముంచి, రెండు కళ్లకీ అద్దుకుని, కాయితం మీద టపీమని కొట్టాడు. కనుబొమల మధ్య ఊదారంగు మచ్చ పడింది, దాన్ని అతను వారం దాకా తుడవలేదు. కాయితం మా చేతికిచ్చి, గొంతు మార్చి, విభాగం వాళ్లు నేర్పిన మాట అన్నాడు.

"అత్తయ్యగారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంగా ఉన్నారు. అత్యంత ప్రమాదం."

ఆ మాటతో తెల్లబట్టల వాళ్లంతా పరుగులు పెట్టారు. మేమున్నది ఆసుపత్రి వరండాలోనే, వార్డు ఎదురుగా కనిపిస్తోంది. అయినా ఆరోగ్యవంతుల్ని అంబులెన్సులోనే చేర్చాలని నిబంధన. సత్యవేణిని ఎక్కించుకుని, సైరన్ వేసుకుని, ఆసుపత్రి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అదే వరండాలో దించారు. నా మంచమే ఇచ్చారు. బుల్లబ్బాయి వడగుడ్డ ఇంకా ఆ స్టాండుకే వేలాడుతోంది.

మంచం దొరికిందో లేదో నళినీకాంత్ వచ్చేశాడు. ఆరోగ్యవంతులకి ఆపరేషన్ చెయ్యకూడదని ఏ కాయితంలోనూ రాయలేదు, అంతవరకు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు గనక. ఆ పూటే థియేటర్లోకి తీసుకెళ్లాడు. తలుపు బయట నేను నిలబడ్డాను. నా జేబులో ఆ కురిడీకాయ ఇంకా ఉంది. తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే ఏమీ వినిపించలేదు. నా గుండె చప్పుడే వినిపించింది.

చాలాసేపటికి నళినీకాంత్ బయటికొచ్చాడు. "సమయానికి పట్టుకున్నామండీ. ఇంకో రోజైతే..." అని ఆగి, చిన్న సీసా నా చేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టి ఆడించాను. లొటలొటమన్నాయి. మేలురకం సరుకు.

సత్యవేణి కోలుకుంటుండగా శరభేశ్వరరావు గారికి రిపోర్టు చేరింది. నళినీకాంత్ ఉద్యోగం, సూర్యచక్రం ఉద్యోగం రెండూ పోయాయనుకున్నాం. ఆయన రిపోర్టుని మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అద్భుతం! ఆరోగ్యవంతురాలికి శస్త్రచికిత్స చేశారు. ఆవిడ ఆరోగ్యంగానే బయటికి వచ్చారు! రోగులకు చేసినప్పుడు ఇంత చక్కటి ఫలితం ఎన్నడైనా వచ్చిందా?"

పది రోజుల్లో పైనుంచి ఉత్తర్వు దిగింది. ముందస్తు శస్త్రచికిత్స పథకం. ఒంట్లోంచి ఏదో ఒకటి తీయించుకున్న ఆరోగ్యవంతుని కార్డు అయిదేళ్లు రద్దు కాదు. తీసేది ఏదైనా సరే, అభ్యర్థి ఇష్టం.

ఆ వారంలోనే సైరన్ మళ్లీ నా కొట్టు ముందు ఆగింది. ఈసారి శరభేశ్వరరావు గారే దిగారు.

"మాణిక్యాలరావు గారూ, మీ శ్రీమతి మా జిల్లాకే గర్వకారణం. ఆవిడకి అయిదేళ్లు, మీకు ఒక్క ఏడాదేనా? దంపతుల మధ్య ఇంత అసమానత మా విభాగం సహించదు. పదండి."

"నాలో తీయడానికేం లేదండీ" అన్నాను.

"అపెండిక్స్ ఉన్నది కదా? మీరు దాన్ని వాడుతున్నారా? వాడనిది ఏదైనా రద్దు కావలసిందే."

తెల్లబట్టల వాళ్లు స్ట్రెచర్ విప్పారు. కొట్లో కూర్చుని నా సరుకులో లోపముందని చెప్పడం నా వంశంలో లేదు. "నేను నిక్షేపంలా ఉన్నాను" అని అలవాటుగా అనబోయాను.

కొట్టు వెనకే ఉన్న మా ఇంట్లోంచి సత్యవేణి వచ్చింది, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని. "అయ్యో, ఆయన్ని ముట్టుకోకండి బాబూ! ఆయన జబ్బు మనిషి."

శరభేశ్వరరావు గారు చటుక్కున వెనక్కి జరిగారు. "ఏం జబ్బు?"

సత్యవేణి నన్ను, నేను కాయని చూసినట్టు, పైనుంచి కిందిదాకా చూసింది. "పెళ్లైన కాణ్ణించీ చూస్తున్నానండి. ఒకటని చెప్పలేను."

నేను దగ్గాను.

"ఛ, ఛ! ఆ మాట ముందే చెప్పవద్దూ! రోగులతో మా విభాగానికి పనేముంది?" అని ఆయన స్ట్రెచర్ మడిపించారు. "ఎదుటి హోటలు చూడండి. అక్కడ ఒక ఆరోగ్యవంతుడు ఉండాలి."

వాళ్లు రోడ్డు దాటేలోపే బుల్లబ్బాయి హోటల్లోంచి దగ్గు వినిపించింది. తర్వాత బట్టల కొట్లోంచి. తర్వాత టైర్ల షాపులోంచి. సైరన్ ఎంత దూరం వెళితే దగ్గు అంత దూరం వెళ్లింది. కౌంటర్లో కూర్చున్న సూర్యచక్రం కూడా దగ్గాడట.

శరభేశ్వరరావు గారు ఆఖరికి రిపోర్టు రాసుకున్నారు. మా పట్టణంలో కార్డుకి ప్రమాదం ఉన్న మనిషి ఒక్కడూ మిగల్లేదని. దానికి ఆయనకి ప్రమోషన్ వచ్చి రాజధానికి వెళ్లారు. ఆరోగ్యవంతులు ఎవరూ లేరు గనక మంచాలు ఖాళీ అయ్యాయి. ఖాళీ మంచాల్లోకి జబ్బు మనుషులు మెల్లిగా వచ్చి చేరారు. నళినీకాంత్ ఈమధ్య ఒళ్లు చేశాడు.

నిన్న పొద్దున్న కొట్టు తెరవగానే ఎవరో పొరుగూరాయన వచ్చాడు. మొదటి బేరం, పెళ్లికి కాయలు కావాలట. ధర మాట్లాడుతున్నాం. ఇంతలో ఏ కారణం చేతనో ఆ వీధిన సైరన్ వెళ్లింది. నేను దగ్గాను. ఎదురు హోటలు దగ్గింది. బజారంతా దగ్గింది. లోపలి నించి సత్యవేణి అందరికంటే గట్టిగా దగ్గి, నవ్వాపుకోలేక కూలబడింది.

పొరుగూరాయన కండువా మూతికి అడ్డం పెట్టుకున్నాడు. "ఊరంతా ఇదేం జబ్బండీ బాబూ! పెళ్లివాళ్లం, మాకొద్దు" అని గబగబా వెళ్లిపోయాడు.

మా నాన్నగారి కాలం నించీ మొదటిసారి ఆ కొట్లో బోణీ బేరం తప్పిపోయింది. మధ్యాహ్నం సత్యవేణి గారెలు వండి, ఎదురుగా కూర్చుని, ఏ పోటూ లేకుండా తనూ తింది.

అన్నం సహించింది.